ఎడంచేతి చిలక

మా గురువుగారు లక్కోజు సోమలింగాచారిగారు, ఎవరు ఏ నాణెం చేతికిచ్చినా ముందు బొరుసు చూసేవారు. బొమ్మ వైపు రాజో, రాణో, దేవుడో ఉంటారు, చూడమని వాళ్లే పిలుస్తారు, మనకి తొందరేముంది అనేవారు. తాతల కాలం నుంచి వాళ్లది నాణేల అచ్చులు చెక్కే ఇల్లు. ఉక్కు మీద ప్రతి అక్షరాన్నీ ఎడమ కుడిగా, కుడి ఎడమగా చెక్కితే గాని లోహం మీద సరిగ్గా పడదు. అందుకని ఆయనకి లోకం కూడా రెండు వైపుల నుంచీ ఒకేసారి కనపడుతుందని మేము చాటున వేళాకోళం ఆడుకునేవాళ్లం. అచ్చుల పని మూలపడ్డాక, రాజమండ్రి ఇన్నీసుపేటలో తన ఇంటి ముందుగదిలో కూర్చుని, పాత నాణేలు పరీక్ష చేసి చెప్పేవారు. ఆ విద్య కోసం నలుగురైదుగురం ఆదివారాలు ఆయన దగ్గర చేరేవాళ్లం. నేను తపాలా ఆఫీసులో జీవితమంతా బిళ్లల మీద ముద్రలు కొట్టినవాణ్ని, నాకు ఉత్సాహం ఎక్కువ, చూపు తక్కువ. మాలో నిజంగా కళ్లున్నది నీలవేణి ఒక్కతే. ఆవిడ ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది.

ఆ నీలవేణి ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది. అడగడానికి కారణం లేకపోలేదు. ముందు వారం ఆవిడ ఒక రాగి కాసు బొరుసు మీద రాజుగారి ముక్కు కనపడుతోందని, అది అచ్చుకి అచ్చు తగిలిన గుర్తేనని, మా అందరి ముందూ ప్రకటించింది. నాణెం కొట్టేచోట ఎప్పుడో గాని జరగని ఒక పొరపాటు వల్ల పడే గుర్తు అది, దాని సంగతి తర్వాత వస్తుంది. గురువుగారు దూది తడిపి ఒక్కసారి తుడిచేసరికి రాజుగారి ముక్కు దూదికి అంటుకుని వచ్చేసింది. అది చిలుము మరక. మేము నవ్వాము. నవ్వకుండా ఉండాల్సింది.

"గురువుగారూ, నేను చూసింది నిజంగా అక్కడ ఉందో, ఉంటే బాగుండునని నేను కోరుకున్నానో ఎలా తెలుస్తుందండి? రెండూ నా కంటికి ఒక్కలాగే ఉన్నాయి" అని అడిగింది నీలవేణి. వారం రోజులు నిద్ర పట్టని మనిషి గొంతు అది.

ఆయన పంచె చెరగుతో భూతద్దం తుడుచుకుంటూ, "కాఫీ తాగమ్మా, చల్లారిపోతోంది" అన్నారు. అంతలో గుమ్మంలోకి ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

ముందున్నాయన పేరు చిట్టబ్బాయి. పేరుకి చిట్టబ్బాయే గాని అరవై దాటిన మనిషి, ఉత్తరీయాన్నీ కోపాన్నీ కలిపి భుజాన వేసుకుని వచ్చాడు. వెనక ఉన్నది ఆయన తమ్ముడి భార్య మంగతాయారు. నలభై ఏళ్లుంటాయి. ఎడంచెయ్యి పైటచెంగులో దాచుకుని, కుడిచేత్తో చిన్న గుడ్డమూట పట్టుకుని గోడవార నిలబడింది. తుని అవతల ఒక పల్లె వాళ్లది.

"ఆచారిగారంటే తమరేనాండి? ఒక్క మాట చెప్పండి చాలు. ఇది మనిషి గీసిందా, కాదా? గీసిందేనని తమరి నోటంట వస్తే మా ఇంట్లో గొడవ తీరిపోద్ది" అన్నాడు చిట్టబ్బాయి, కూర్చోకుండానే.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాక సంగతంతా బయటికి వచ్చింది. వాళ్ల ఇంటి దేవత చిలకలమ్మ. విగ్రహం లేదు. వాళ్ల ముత్తాతకి సంస్థానం వారు బహుమానంగా ఇచ్చిన రాగి నాణెం ఒకటుంది, దాని బొమ్మ వైపు కుడిచేతి మీద చిలకతో నిలబడ్డ అమ్మవారు, ఆవిడే చిలకలమ్మ. ఆ సంస్థానం పేరు ఇక్కడ రాయను. వారసులు ఇంకా ఉన్నారు, మీ టంకశాలలో పొరపాటు జరిగిందని చెప్పి తగువు కొనితెచ్చుకోవడం నాకెందుకు. పసుపు ముద్ద చేసి, అందులో ఆ నాణేన్ని అదిమి, బొమ్మ పైకుండేలా నిలిపి పూజ చేస్తారు. అలా నాలుగు తరాలుగా బొరుసు పసుపులోనే ఉండిపోయింది. పాత పసుపు బెత్తికలు కట్టి రాయిలా పట్టేసింది. బొరుసంటూ ఒకటి ఉందన్న ఊహే ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

నాలుగు నెలల కిందట అత్తగారు పోయారు. చిట్టబ్బాయి భార్య అంతకుముందే పోయింది గనక దీపం పెట్టే పని మంగతాయారుకి వచ్చింది. ఆవిడ చెంబు తోమితే లోపల అడుగు కూడా తళతళలాడే దాకా వదలని మనిషి. నాణేన్ని చింతపండు పెట్టి రెండు వైపులా తోమింది. పసుపు ఊడిపోయింది. మూడు వరసల అక్షరాలు బయటపడ్డాయి. ఆ అక్షరాల సందుల్లో, పక్కకి వాలి, ఒక భుజం, ఒక మోచెయ్యి, చేతి మీద చిలక, కుచ్చిళ్ల అంచు. ఆవిడ చెంబూ చింతపండూ అక్కడే వదిలేసి వీధిలోకి పరిగెత్తి, "అమ్మ వెలిసింది, అమ్మ వెలిసింది" అని అందర్నీ పిలిచింది.

వెలిసింది అన్నది మనవాళ్లు ఊరికే అనే మాట కాదు. ఉలి తగిలితే విగ్రహం, ఎవరి చెయ్యీ పడకుండా కనపడితేనే వెలిసినట్టు. ఊరు ఊరంతా వచ్చింది. ప్రతి శుక్రవారం చింతపండుతో తోమడం, వచ్చినవాళ్లందరూ వేలితో తాకి కళ్లకద్దుకోవడం. నెల తిరిగేసరికి ఎవరికో అనుమానం వచ్చింది. ఆ అనుమానానికి కాళ్లూ చేతులూ వచ్చింది చిట్టబ్బాయి దగ్గర.

"మా చిలకలమ్మ కుడిచేతిలో చిలకని పట్టుకుంటదండి. బొమ్మ వైపు చూడండి, కుడిచెయ్యే. ఈ ఎనకాల బొమ్మలో ఎడంచేతిలో ఉందండి. అమ్మవారికి తన చెయ్యేదో తనకి తెలీదాండి? ఎడంచేత్తో మనం తాంబూలమైనా ఇవ్వం గదా, అమ్మవారు చిలకని పట్టుకుంటదా?" అన్నాడాయన. గొంతు తగ్గించి, "ఈ అమ్మాయిది పుర్రచేతి వాటం అండి. సూది కూడా ఎడంచేత్తోనే పట్టుద్ది. ఇంకేం చెప్పమంటారు?" అని ముగించాడు.

మంగతాయారు పైటచెంగులో దాచుకున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది. పెళ్లయిన ఇరవై రెండేళ్ల నుంచీ ఆ చేతిని ఆవిడ అలా దాస్తూనే ఉందని తర్వాత తెలిసింది.

"ఈ శుక్రవారం కర్పూరం అరచేతిలో ఆర్పి ప్రమాణం చెయ్యమన్నాం. చెయ్యనంటంది. చెయ్యకపోతే ఇక దేవుడి గదిలోకి రానివ్వం, దీపం ముట్టుకోనివ్వం. అమ్మవారిని గీసిన మనిషిని ఎట్టా రానిస్తామండి?"

ఆవిడ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "కాలుద్దని భయపడి కాదండి. కాలకపోతే అమ్మ వచ్చినట్టంట, కాలితే నేను గీసినట్టంట. కర్పూరం ఎవరి చెయ్యైనా కాలుస్తదండి. దానికేం తెలుసండి నిజమేదో. నేను గీయలేదు. అమ్మైనా వచ్చుండాలి, నేనైనా దొంగనై ఉండాలి, మూడోది లేదంటన్నారండి మా బావగారు. మూడోది నాకూ తెలవదు."

గురువుగారు మూట విప్పి నాణెం తీసుకున్నారు. పాత పెద్ద రూపాయి బిళ్లంత ఉంది. బొరుసు వైపు ఒకసారి చూసి, నీలవేణి చేతికిచ్చారు. ఇలాంటి గుర్తుకి మామూలుగా చేసే పరీక్ష ఒకటుంది. సూదితో గీస్తే గీత లోహంలోకి దిగుతుంది, అచ్చులోనే దెబ్బ ఉంటే నాణెం మీద ఆ గీత పైకి లేస్తుంది. నీలవేణి వెలుతురు వైపు తిప్పి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. నాలుగు నెలల చింతపండు పులుపూ, ఊరందరి వేళ్లూ కలిసి ఆ గీతని అరగదీశాయి. పైకి లేచిందో లోపలికి దిగిందో తేలేలా లేదు. తేలడం లేదని చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆవిడ, "గీతలాగే ఉందండి" అంది. నేను కూడా తలూపాను. ఏం కనపడిందని ఊపానో ఆ దేవుడికే తెలియాలి.

చిట్టబ్బాయి ఉత్తరీయం సర్దుకుని లేవబోయాడు. మంగతాయారు గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగింది, అంతే. 

గురువుగారు నీలవేణి వైపు చూసి, "పోయిన వారం లేనిది చూశావని నీకు సిగ్గేసింది. ఇవాళ నువ్వు చూశావా, ఆ సిగ్గు చూసిందా?" అని మెల్లిగా అడిగారు. ఆవిడ తల దించుకుంది.

తర్వాత ఆయన రెండు కాగితాలు, రెండు పెన్సిళ్లు తీశారు. ఒకటి చిట్టబ్బాయికి, ఒకటి మంగతాయారుకి ఇచ్చి, నాణెం బొమ్మ వైపు మధ్యలో పెట్టి, "చూసి గీయండి. ఎలా వచ్చినా ఫరవాలేదు" అన్నారు. చిట్టబ్బాయి నాకెందుకండి ఈ బడి చదువు అని గొణుగుతూనే గీశాడు. మంగతాయారు కుడిచేత్తో పెన్సిలు పట్టుకోబోతే, "అలా కాదమ్మా, నీకు వచ్చిన చేత్తో" అన్నారు. ఆవిడ బావగారి ఎదుట ఆ చెయ్యి బయటికి తియ్యడానికి చాలాసేపు పట్టింది. చివరికి తీసి గీసింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. చిట్టబ్బాయి గీసిన అమ్మవారు గుమ్మడికాయకి చీర కట్టినట్టుంది, మంగతాయారు గీసినావిడ నిజంగా నిలబడి ఉంది. చిలక మాత్రం రెండింటిలోనూ ఒకే చేతిలో ఉంది, అసలు బొమ్మలో ఉన్న కుడిచేతిలో.

"ఎడంచేతి వాటం మనిషైనా చూసింది చూసినట్టే గీస్తుంది చిట్టబ్బాయిగారూ. చెయ్యి మారితే చిలక మారదు" అన్నారు గురువుగారు.

"అయితే కావాలనే మార్చి గీసుంటది" అన్నాడు చిట్టబ్బాయి. కాని ఆ మాటలో ఇందాకటి బలం లేదు.

గురువుగారు పల్చటి కాగితానికి కాస్త కొబ్బరినూనె రాసి, అవతలిది కనపడేలా చేసి, నాణెం బొమ్మ వైపు పరిచి, సన్నగా చెక్కిన పెన్సిలుతో అమ్మవారి అంచులు మాత్రం తీసుకున్నారు. నాణెం అంచు మీద ఒకచోట చిన్న నొక్కు ఉంది. కాగితం మీద కూడా సరిగ్గా అక్కడ చుక్క పెట్టి, నాణెం కొలతకి గుండ్రంగా కత్తిరించారు. దాన్ని చిట్టబ్బాయి చేతిలో పెట్టి, బొరుసు పైకి తిప్పి, "మీరే పెట్టి చూడండి. చుక్క నొక్కు దగ్గరికి రావాలి" అన్నారు. పైన భూతద్దం తానే పట్టుకున్నారు.

చిట్టబ్బాయి పెట్టాడు. కలవలేదు. చుక్కని నొక్కు దగ్గర పెట్టినా, వదిలేసి చుట్టూ తిప్పినా, కాగితం మీది అమ్మవారు ఒకవైపు, నాణెం మీది అమ్మవారు ఒకవైపు. "సూశారా, కలవట్లేదు. నేను చెప్పేను గదండి" అన్నాడు. మంగతాయారు కళ్లు మూసుకుంది. గెలిచానని ఆయన నవ్వబోయాడు గాని, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆవిడ మొహం చూశాడనుకుంటాను.

"కాగితాన్ని తిప్పండి" అన్నారు గురువుగారు.

"తిప్పుతూనే ఉన్నాను కదండి."

"అలా కాదు. బోర్లించండి."

చిట్టబ్బాయి కాగితాన్ని బోర్లించి, చుక్కని నొక్కు దగ్గరికి తెచ్చి, వేలితో అదిమి, అద్దంలోకి వంగాడు. అలాగే ఉండిపోయాడు.  

"చిలక..." అన్నాడు. 

మేము ఒక్కొక్కరం వెళ్లి చూశాం. భుజం మీద భుజం, మోచేతి మీద మోచెయ్యి, కుచ్చిళ్ల అంచు మీద కుచ్చిళ్ల అంచు. చిలక ముక్కు రెండో వరసలో రెండు అక్షరాల మధ్య సందులో, వెంట్రుక వాసి తేడా లేకుండా. పక్కకి వాలిన ఆ వాలు కూడా అంతే. అమ్మవారి గీత ఎక్కడ అక్షరం వస్తే అక్కడ ఆగిపోతోంది, అక్షరం అవతల మళ్లీ మొదలవుతోంది, వాటి వెనక నిలబడి మనల్ని చూస్తున్నట్టు.  నేను దేవుళ్లకి పెద్దగా దణ్ణాలు పెట్టే మనిషిని కాను. ఆ రోజు నాకు తెలియకుండానే చేతులు కలిసిపోయాయి. ఆ రాగిబిళ్ల గాజుబిళ్ల అయిపోయి, అవతలి వైపు అమ్మవారిని ఈ వైపు నుంచి చూస్తున్నాం మేము. ఇటు నుంచి చూస్తే ఆవిడ కుడిచెయ్యి ఎడంచెయ్యిలా కాక ఇంకెలా కనపడుతుంది!

గురువుగారు అప్పుడు చెప్పారు. నాణేలు కొట్టే మరలో పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు బిగిస్తారు. ఒకదానిలో అమ్మవారు, ఒకదానిలో అక్షరాలు. మధ్యలో బోడి రాగిబిళ్ల పెట్టి మర దించితే దానికి రెండు వైపులా రెండు ముద్రలూ పడతాయి. ఆ అచ్చులు ఉన్నన్నాళ్లూ ఎదురెదురుగానే ఉంటాయి, ఒకదాన్నొకటి తాకవు. ఎప్పుడో ఒకసారి పనివాడు బిళ్ల పెట్టడం మరిచిపోతాడు. మర ఖాళీగా దిగుతుంది. అచ్చు వెళ్లి అచ్చు మీద పడుతుంది. ఆ చప్పుడుకి వాడి గుండె ఝల్లుమని ఉంటుంది. ఆ ఒక్క దెబ్బకి అమ్మవారి అంచులు అక్షరాల అచ్చు మీద దిగిపోతాయి. ఆ తర్వాత దాని కిందికి వచ్చిన ప్రతి బిళ్ల మీదా అక్షరాలతో పాటు ఆవిడ కూడా పడుతుంది. ఈ నాణెం ఆ దెబ్బ తర్వాత పుట్టింది. ముత్తాతగారి చేతికి వచ్చేనాటికే ఇది దీని మీద ఉంది. ఇంట్లో ఎవరూ గీయలేదు.

చిట్టబ్బాయి నేలచూపులు చూస్తున్నాడు. మంగతాయారు మొహంలో దిగులు వదిలింది, కాని ఇంకేదో మిగిలింది. "అయితే... అమ్మ రాలేదాండి?" అని అడిగింది. దొంగ కాదని తేలినా, నాలుగు నెలలు తాను ఎవరికి దణ్ణం పెట్టిందో ఆవిడకి తెలియాలి మరి.

గురువుగారు నాణేన్ని అరచేతిలో పెట్టుకున్నారు. "ఆ మర ఎన్ని వేలసార్లు దిగిందో తల్లీ. దిగిన ప్రతిసారీ రెండు అచ్చుల మధ్యా ఒక బిళ్ల అడ్డం ఉంది. ఏ అడ్డమూ లేనిది ఆ ఒక్క క్షణమే. అప్పుడు ఇటు వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెక్కలేదు. దాన్ని ఏమనాలో మీ ఇంటి మాట మీకే ఉంది, నేను చెప్పేదేముంది" అన్నారు. ఆ తర్వాత మామూలు గొంతుతో, "ఇక చింతపండు పెట్టకమ్మా, రాగిని తినేస్తుంది. మెత్తటి గుడ్డతో అద్దితే చాలు" అన్నారు.

చిట్టబ్బాయి నాణేన్ని గుడ్డలో పెట్టి తనే మూట కట్టాడు. కట్టి, మరదలి వైపు చాచాడు. ఆవిడ అలవాటుగా కుడిచెయ్యి పట్టింది. ఆయన ఇవ్వలేదు.

"ఆ చెయ్యి కాదమ్మాయ్" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. తప్పు చేశాననుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ చెయ్యి పట్టు" అన్నాడు.  "ఇన్నేళ్లూ... నీ చెయ్యి పట్టమ్మా."

మంగతాయారు ఎడంచెయ్యి పైటచెంగులోంచి తీసి చాచింది. అరవయ్యేళ్ల ఆ పెద్దమనిషి ఇంటి అమ్మవారిని రెండు చేతులతో తీసుకెళ్లి అందులో పెట్టాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడం దేనికి. వాళ్లు మెట్లు దిగుతుంటే నీలవేణి వెనకాలే వెళ్లి మంగతాయారు భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో మాకు వినపడలేదు, మంగతాయారు మాత్రం తల అడ్డంగా ఊపి నవ్వింది.

నీలవేణి తిరిగి వచ్చి కూర్చుంది. చల్లారిపోయిన కాఫీ అలాగే ఉంది. పొద్దున తానడిగిన ప్రశ్న మళ్లీ అడగలేదు. గురువుగారే, బల్ల మీద మిగిలిన నూనె కాగితాన్ని వెలుతురుకి పెట్టి ఇటూ అటూ తిప్పి చూస్తూ, "మనం కోరుకున్న అమ్మవారైతే కుడిచేతి చిలకతోనే వచ్చేదమ్మా" అన్నారు.